బూజు చెయ్యి

నా చేతిది బూజు చెయ్యని
మా అత్త తిప్పక్క కంబదూరంతా చెప్పింది.
నేను కాపరానికొచ్చిన యేడే
చింతకాయ తొక్కు జాడీ మూత తీస్తే
లోపల తెల్లగా నూగు.
అప్పటినుంచి కారం నేను దంచుతా,
జాడీ ఆమె ముడుతుంది.

ఆ యేడు రోహిణిలో రెండు చినుకులు పడినాయి.
పెంకు పురుగులు మన్ను చీల్చుకుని లేచి
వేపచెట్టు మీద వాలి
రాత్రంతా ఆకు కొరుకుతా ఉంటే
మా పిల్లోడు నిద్రలో వాన అనుకున్నాడు.

సెనక్కాయ ఊడ దిగే టయానికి
చెట్లు నిలబడే వాడిపోయినాయి.
పట్టుకుంటే చాలు, చేతిలోకొచ్చేది
వేరు లేకుండా, బరువు లేకుండా.
తవ్వితే అడుగున
ముడుచుకుని పండుకున్న వేరుపురుగు,
ఎర్ర తల, పాలరంగు ఒళ్లు,
తోక దగ్గర పల్చటి తోలు కింద
మా చేను నల్లగా కనపడతా.

కల్యాణదుర్గం అంగడాయన గుళికలకు చెప్పిన ధర విని
నా మొగుడు బీడీ కూడా కొనకుండా వచ్చినాడు.

దిబ్బ పక్కన దొరికింది ఒకటి.
కదల్లేదు.
సుద్దముక్క మాదిరి బిగుసుకోని,
పైన పచ్చటి పొడి, ముదురు పెసర రంగు.
రైతు కేంద్రం పిల్లోడు వన్నూరప్ప
అద్దం పెట్టి చూసి నవ్వినాడు.
"బూజు పట్టిందక్కా.
తోలుకు అంటుకోని లోపలికి మొలుస్తుంది.
ముందు మేత మానిపిస్తుంది. చంపేది తర్వాత.
జొన్నలుడికించి, ఆరబెట్టి, సంచిలో పోసి
ఈ పొడి కలిపి చీకట్లో పెట్టండి.
ఎవరి చేతికి బూజు బాగా వస్తుందో..."

తమాషాకే అన్నాడు.
మా అత్త నా వైపు చూసింది.
నేను జాడీ వైపు చూసినా.

పన్నెండో నాటికి సంచులు పచ్చబడినాయి.
ఒకటి నల్లగా మురిగి కంపు కొట్టింది,
దాన్ని ఎవరికీ చెప్పకుండా గుంతలో పూడ్చినా.
మిగిలింది దిబ్బెరువులో కలిపి
పొద్దు మునిగినాక చల్లినాము,
ఎండ తగిలితే అది బతకదంట.
అరచేతుల గీతల్లో పచ్చదనం
మూడు దినాలు పోలేదు.
ఆ చేత్తోనే పిల్లోడికి ముద్ద పెట్టినా.

కొన్ని చచ్చినాయి. లెక్కబెట్టినా, పదిహేడు.
తన తోలు మీద ఇంకొకరు
విత్తనమేసుకున్నారని తెలీకుండానే
వేరు కొరుకుతా పోయింటాయి గదా
అని ఒక రాత్రి నిద్ర పట్టలేదు.
పొద్దున్నే లేచి ఇంకో గంప చల్లినా.

తర్వాత ఇరవై రెండు దినాలు వాన లేదు.
పురుగు లోతుకు దిగింది.
కాయ మూడు మూటలు.
జాడీ ఇంకా అత్త దగ్గరే.

"మన బూజు కూడా చచ్చిపాయనా?" అనడిగితే
వన్నూరప్ప పిడికెడు మన్ను తీసి
నలిపి, వాసన చూసినాడు.
"యాడికి పోతుందక్కా,
అట్లే పడుంటుంది, తడి కోసం చూస్తా."

అంటే
అదీ మా ఊరిదే.