ఇరవై ఐదు సెకన్లు

టవల్ పిండితే సగం గ్లాసు నీళ్ళు.
అందులో నా చెమటెంతో, సముద్రం ఎంతో
విశాఖలో మే నెల లెక్క చెప్పదు.

మూడో సెట్టు. ఐదు-ఐదు.
అవతల ప్రణీల్, పదిహేడేళ్ళు,
వాడి మోకాళ్ళకి అరగడమంటే ఇంకా తెలీదు.
ఇవతల నేను, కర్రి సూరప్పడు, ముప్పై తొమ్మిది,
పోర్టులో క్రేన్ నడుపుతాను.
రాత్రి పదింటికి డ్యూటీ.

పాయింటుకీ పాయింటుకీ మధ్య ఇరవై ఐదు సెకన్లు.
అసలు గొడవంతా అక్కడే.
మొదటి ఐదూ ఊపిరికి పోతాయి.
తర్వాత పిక్క మాట్లాడుతుంది:
"ఏటి సూరప్పడూ, ఎవుల కోసం ఇదంతా?
కప్పు చూస్తే రేకు. ప్రైజు మూడు వేలు.
బేగి ఓడిపోయి ఇంటికి పోదుం, రా."
జవాబివ్వకూడదు.
జవాబిస్తే చాప పరుచుకుని కూర్చుంటుంది.

రాకెట్ తీగలు సర్దుతున్నట్టు నటిస్తాను.
క్రేన్ మీద నేర్చుకున్నది ఒక్కటే:
గాలికి పెట్టె ఊగుతుంటే దించకు.
ఊగనీ.
ఊగి ఊగి దానికే విసుగొస్తుంది.
అలాగే నా బుర్రనీ
యారాడ కొండ మీద కాసేపు వేలాడదీసి ఉంచుతాను.

డ్యూస్.
ముప్పై ఒకటో షాట్‌కి
కుర్రాడు మూలకి పరిగెత్తి
వెనకనుంచి ఎవరో తాడు లాగినట్టు కూలిపోయాడు.
తొడలో కండ, తోలు కింద ఎలకలా తిరుగుతోంది.
వాళ్ళ నాన్న ఫోన్‌లో తీస్తూనే ఉన్నాడు.
ఫిజియో టీకెళ్ళాడు.

రూలు ప్రకారం
నేను ఊరికే నిలబడితే చాలు.

నా సంచీలో స్టీలు సీసా.
చోడి అంబలి, మజ్జిగా ఉప్పూ వేసి మా ఆవిడ పోసింది.
ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలీదు.
మంచితనం అని మాత్రం అనకండి.
పడున్నవాణ్ణి గెలిస్తే
పిక్క జీవితాంతం వెటకారం చేస్తుంది, ఆ భయం.

గడగడా తాగాడు. మూతైనా తుడుచుకోలేదు.
ఏడు-ఐదు.
నా అంబలి తాగి నన్నే ఓడించాడు వెధవ.

పదికి క్రేన్ కింద నిలబడ్డాను.
నూట పద్నాలుగు మెట్ల ఇనప నిచ్చెన.
నలభయ్యో మెట్టు దగ్గర
పిక్క మళ్ళీ నోరు తెరిచింది.
కింద ఓడ దీపాలు, నల్లటి నూనె నీళ్ళు.
రెండు చేతులా కడ్డీ పట్టుకుని
ఒకటీ, రెండూ, మూడూ...
ఇరవై నాలుగు దగ్గర
అది ఏదో అనబోయి ఊరుకుంది.

పైనుంచి ముందు షిఫ్టువాడు కేకేశాడు:
"గెలిసినావేటి?"
చెప్పడానికి ఊపిరి లేదు.
నలభై ఒకటో మెట్టు మీద
కాలు పెట్టాను.