మెత్తని పెంకు

తెల్లవారుజాము నాలుగింటికే నా రోజు సగం అయిపోతుంది.
టోల్మిన్ ఊరు కళ్ళు నులుముకునే వేళకి
నాలుగు వందల రొట్టెలు కాల్చేసి
మోచేతుల దాకా పిండితో
వెనక గుమ్మంలో నిలబడి ఉంటాను.
ఎదురుగా కొండ.
ముప్పై ఏళ్ళుగా ఎదురుగానే.

"ఆదివారం నువ్వూ రా నెవెంకా,
ఆ రెయిన్‌కోటు మాత్రం వద్దు తల్లీ" అంది ద్రాగిత్సా.

నిజమే. పోయినసారి అది తొడుక్కుని
సగం దారి ఎక్కేసరికి
బయట చినుకు లేదు, లోపల కుండపోత.
మూత బిగించిన గిన్నెలో దుంపలా
నా ఆవిరిలో నేనే ఉడికాను.
గాలిమలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగానో లేదో
ఆ తడంతా మంచై వెన్నుకి అతుక్కుంది.
మునిగినవాడికి చలేమిటంటారు గానీ
ఆ మాట అన్నవాడు కొండెక్కి ఉండడు.

అందుకే ఇవాళ, నిద్రపోవాల్సిన వేళ,
వంతెన పక్కన యెర్నెయ్ కొట్లో నిలబడ్డాను.
"ఇది సాఫ్ట్‌షెల్" అన్నాడు, కొక్కెం నుంచి ఒకటి తీసి.
మెత్తని పెంకు!
పెంకు మెత్తబడితే మా కొట్లో
నిన్నటి సరుకంటాం, సగం ధరకి ఇస్తాం.
వాడు నవ్వలేదు. ధర చీటీ తిప్పి చూపించాడు.
అప్పుడు నాకూ నవ్వు రాలేదు.

"వాన ఆపుతుందా?"
"ఆపదు."
అమ్మేవాడి నోట ఆపదు అనే మాట
వినడం ఇదే మొదలు.
"చిరుజల్లుని కాసేపు ఓర్చుకుంటుంది.
గాలిని చాలామటుకు గుమ్మంలోనే నిలబెడుతుంది.
నీ ఆవిరిని నెమ్మదిగా బయటికి పోనిస్తుంది.
పెద్దవాన పట్టుకుంటే
సంచిలోంచి ఆ పాత కోటే తీసి పైన వేసుకో.
దాన్ని పారేయకు."

బట్టని పెదవులకి ఆనించి గట్టిగా ఊదాను.
అవతల పెట్టిన అరచేతికి
ఉందా లేదా అన్నట్టు తగిలింది వెచ్చదనం.
ఓ, ఇదా!
రాత్రి పిండిముద్ద మీద నేను కప్పే గుడ్డ.
పైన ఎండనివ్వదు, లోపల పొంగనిస్తుంది.
ఇన్నేళ్ళూ వాడుతూనే ఉన్నాను,
నాకు కాదు, పిండికి.

అద్దం ముందు అందరూ పక్కకి తిరిగి నడుం చూసుకుంటారట.
నేను రెండు చేతులూ చాచి
పొడుగు చెక్కపారని పొయ్యిలోకి తోశాను,
చివరి వరస రొట్టెని అందుకుని వెనక్కి లాగాను.
మొదటిది: వీపంతా పైకి లేచి నడుం బయటపడింది.
రెండోది చంకల్లో పట్టేసింది.
మూడోది వేసుకుని, లేని పొయ్యిలో
పన్నెండు రొట్టెలు కాల్చాను.
అంచు కదల్లేదు.
బూట్లు కొనడానికొచ్చిన జర్మన్ జంట
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"జేబులేం ఇంత పైకి కుట్టారు?"
"సంచి నడుంపట్టీ కింద నలగకుండా."
ముక్కూ మొహం తెలియనివాడెవడో
నా చేతులు ఎక్కడ వెచ్చదనం వెతుక్కుంటాయోనని
ఒక సాయంత్రమంతా ఆలోచించి ఉంటాడు.
కాసేపు ఆ జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.

రంగు దగ్గర ఆగిపోయాను.
నల్లది చవక. తాకితే
నా వేలిముద్ర తెల్లగా పడింది, అయిదూ.
గోధుమరంగుది ఉంది, రోజూ చూసే రంగే.
ఆకుపచ్చది ఇమ్మన్నాను.
ఎందుకని అడిగాడు.
ఎందుకో లేదు బాబూ.
యాభై మూడేళ్ళకి
ఎందుకో లేకుండా ఒకటి కావాలనిపించింది.

ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది.
నేను ఆగలేదు.
మర్నాడు నాలుగింటికి, వెనక గుమ్మంలో,
సోచా నది మీదనుంచి సన్నగా జల్లు.
ఆప్రాన్ మీదే జాకెట్ తొడుక్కుని
చెయ్యి బయటికి చాపాను.
చినుకులు పూసల్లా నిలబడి, దొర్లి, రాలిపోయాయి.
కొన్ని నిలబడ్డాయి.
చాలాసేపటికి భుజం మీద ఒకచోట
బట్ట రంగు ముదిరింది, నాణెమంత.
చెప్పినట్టే. ఆపలేదు. ఓర్చుకుంది.

కొండ అక్కడే ఉంది, చీకట్లో.
ఏదో వాసన.
లోపల, ముప్పై ఏళ్ళలో మొదటిసారి,
ఒక వరస రొట్టెలు మాడిపోతున్నాయి.