మటిక్కాయ తాలింపు

పల్పు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినాను.
సబ్బుతో మూడుసార్లు కడిగినా
వేళ్ల సందుల్లో బెంగళూరు మామిడి.
జూన్ నెలంతా ఇంతే,
తల దువ్వుకున్నా, తలగడ తిప్పినా అదే తీపి.

రెండు గుప్పిళ్ల మటిక్కాయలు.
తొడిమ గిల్లి, ఈనె లాగి వంచితే
టప్పున విరిగినాయి.
లేతవే. ఆదిలక్ష్మక్క అబద్ధం చెప్పలేదు.
ఉప్పేసి ఒక్క పొంగు, అంతే.
ఇంకా ఉడికితే పాచిరంగుకు తిరుగుతాయి.

బాండ్లిలో నూనె. ఆవాలు.
ఎండుమిరపకాయ నల్లబడేలోపల
పొట్టుతోనే నలగ్గొట్టిన తెల్లగడ్డలు.
అప్పుడు మోగింది ఫోను.

మొగిలి.
చిత్తూరు బైపాసు మీద, ట్రాక్టర్లో రెండో రాత్రి.
ముందర ఇంకా నూటాపది బండ్లంట.
అడుగు వరస కాయలు కారిపోతా ఉండాయంట.
ధర నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.
"ఏం చేస్తా ఉండావు?"
"విను" అని
ఫోను పొయ్యి పక్కన పెట్టి
మటిక్కాయలన్నీ ఒక్కసారే వేసినాను.

సుయ్యిమని లేచింది ఇల్లు.

ఆ పక్క చాలాసేపు మాటల్లేవు.
ఎవరిదో హారను. కప్పలు.
తర్వాత, "చెనిక్కాయ పొడి వేసినావా?"

వేసినాను. మంట ఆపినాకే,
లేకుంటే మాడు వాసన.
చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఈ పూటకి తెల్లగడ్డే గెలిచింది.

సగం డబ్బాలోకి తీసి మూత గట్టిగా నొక్కినాను.
పొద్దున షిఫ్టుకి నడిచేది ఆ బండ్ల పక్కనే.
మాది నీలం పట్ట కట్టింది.