కింద ఏమీ రాయకపోతే

రాత్రి షిఫ్టు. టగ్గు జెట్టీకి కట్టేసి ఉంది,
ఇంజిన్ గదిలో వేడి ఇంకా చావలేదు.
కొత్తగా చేరిన ట్రైనీ పిల్ల పైడిరత్నం, సింధియా నుంచి వస్తుంది,
డిప్లొమా బాకీ పేపరు ఒకటుంది దానికి,
టీ గ్లాసు పక్కన కాలిక్యులేటర్ పెట్టి
"బాబాయ్, లాగ్ అంటే ఏ లాగ్?" అంది.

నాకు తెలిసిన లాగ్ బుక్కు.
ఏ ఓడని ఏ బెర్తుకి ఎన్నింటికి చేర్చామో,
ఎంత డీజిల్ తాగిందో రాసి సంతకం పెట్టేది.
నాకు తెలిసిన ఇంకో లాగు, తాడేసి లాగు.
పద్దెనిమిదేళ్ళుగా తింటున్న కూడు అదే.
"ఆ లాగులు కాదు బాబాయ్," నవ్వింది.

బటన్లు రెండున్నాయి. ఒకటి ఎల్ ఓ జీ, ఒకటి ఎల్ ఎన్.
పుస్తకంలో మాత్రం ఉత్త లాగ్.
కింద ఏమీ రాయలేదు.
కింద ఏమీ రాయకపోతే పది అనుకోమన్నారట ఒక సారు,
ఈ అనుకోమన్నారట ఇంకో సారు.
అనుకోవడమేటి?
ఛానెల్లో లోతు రాయకపోతే
పది మీటర్లనుకుని ఓడని తెచ్చేస్తామా?

అప్పుడు గుర్తొచ్చింది, అనకాపల్లి కాలేజీ, తెలుగు మీడియం.
లాగ్ కాదు మాకు, సంవర్గమానం.
నోరు తిరగడానికే ఒక టెర్మ్ పట్టింది.
సహజ సంవర్గమానం అని ఇంకొకటి.
ఇందులో సహజం ఏముంది సార్ అంటే
"పరీక్షకి రాదు, కూర్చో" అన్నారు గోవిందాచార్యులు గారు.
అవకలనం, సమాకలనం, అవధి,
పేర్లు ఉన్నాయి, మనుషులు లేరు.
సమాకలనం చివర ప్లస్ సి వదిలేశానని
ఒక మార్కు కోశారాయన.
మిగతా లెక్కంతా పోయింది,
ఆ సి ఒక్కటే నా దగ్గరుండిపోయింది.

ఇంకోటి కూడా ఉంది. కెమిస్ట్రీది.
రెండు పాయింట్ మూడు సున్నా మూడు.
ఎందుకో తెలీదు, ఎవరూ చెప్పలేదు,
ప్రతి ఫార్ములా ముందూ కాపలాదారులా నిలబడేది.
పిల్లకి చెప్పాను. వెంటనే నొక్కింది.
రెండుకి లాగ్: సున్నా పాయింట్ మూడు సున్నా ఒకటి.
ఆ అంకె నాకు కంఠతా.
దాన్ని నా కాపలాదారుతో గుణించింది:
సున్నా పాయింట్ ఆరు తొమ్మిది మూడు.
అదీ కంఠతా! అర్ధాయువు పాఠంలోది.
ఎల్ ఎన్ నొక్కింది. అదే.

ఇరవై ఆరేళ్ళుగా
ఒకే ఇంటికి రెండు గుమ్మాలని తెలీక
రెండు ఇళ్ళనుకుని తిరిగాను.
ఎంత మొద్దునని కాదు,
ఎంత దగ్గరగా ఉండిపోయిందీ అని.

పుస్తకంలో లాగ్ కింద
పెన్సిల్‌తో చిన్న ఈ రాసుకుంది పైడిరత్నం.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతూనే ఉంది.
టీ చల్లారిపోయింది.
ఏ ఆధారంతో చల్లారాలో మమ్మల్ని అడగలేదది.

వాకీటాకీ గరగరలాడింది, బొగ్గు ఓడ బయట కాచుకునుందని.
లాగ్ బుక్కు తీశాను.
రెండు నలభై. తాళ్ళు విప్పాం.
రిమార్కుల గడిలో
ఎప్పటిలాగే ఏమీ రాయలేదు.