బెత్తెడు

పట్నం నుంచి టై కట్టుకొచ్చిన ట్రైనరు
రెండ్రోజులు మా పాలిటెక్నిక్ పిల్లలకి
చెయ్యి ఎలా కలపాలో, కళ్ళలోకి ఎలా చూడాలో నేర్పి
సర్టిఫికెట్లు పంచి, పూతరేకుల పెట్టెతో
సాయంత్రం బస్సెక్కాడు.

మూడోరోజు సర్వే ప్రాక్టికల్.
రాజోలు అవతల, కాలువ శివారు.
దాళ్వా నాట్లు పడి వారం.
పై ఊళ్ళు తాగగా మిగిలిన వంతు నీళ్ళు
గుర్రపుడెక్క కిందనుంచి
అప్పున్నవాడిలా తలదించుకు వస్తున్నాయి.

చింతా దైవకృప లెవెల్ నిలబెట్టింది.
బుడగని నడిమికి తెచ్చే ఆ వేళ్ళ ఓపిక
నేను నేర్పిందే. అంతవరకూ చెప్పుకోగలను.

గట్టు మీద కడలి అబ్బులు
పార కామకి గెడ్డం ఆనించి అంతా చూసి
"మా చేలోకి నీళ్ళెందుకు రావట్లేదమ్మాయ్?" అన్నాడు.
"వాలు సరిపోయిందండి. ఒకటికి నాలుగువేలు. రావాలి."
"రావాలి. ఆయ్."
ఆ ఒక్క 'ఆయ్'లో
మా ఆరు సెమిస్టర్లూ నిలువునా మునిగాయి.

"ఆ తూము కాడ నా కాలికి మెరక తగులుద్ది" అన్నాడు మళ్ళీ.
మగపిల్లలు నవ్వారు. నేనూ, కొంచెం.

ఆ పిల్ల నవ్వలేదు.
చెప్పులు గట్టున వదిలి, పైజమా మోకాళ్ళ దాకా మడిచి
బోదెలోకి దిగింది.
ఆయన అడుగేసిన చోటే అడుగేసింది.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, బురదా, తనూ.

పైకొచ్చి మళ్ళీ గ్లాసులో కన్ను పెట్టింది.
ఒకటీ పాయింట్ నాలుగైదు.
పుస్తకంలో ఉన్నది ఐదూ నాలుగూ.

"నా లెక్క తప్పండి" అంది.
గొంతు తగ్గించలేదు. నావైపు చూడలేదు.
"ఎంత మెరకేంటి?"
"తొమ్మిది సెంటీ..." అని ఆగి
నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి చూపించింది.
"బెత్తెడు."
"అదీ" అన్నాడాయన, పార భుజానికెత్తి.

ఆ వాక్యం ట్రైనరు స్లైడుల్లో లేదు.
నా పాఠంలోనూ లేదు.
ముప్పై ఏళ్ళ కిందట, ఉద్యోగం కొత్తలో,
మొగల్తూరు వైపు ఒక తూము జానెడు ఎత్తున పెట్టించాను.
తట్ట మోస్తున్న ముసలావిడ చెప్పింది కూడా,
"ఎత్తైపోయింది బాబూ" అని.
నేను ఆవిడకి డ్రాయింగు విప్పి చూపించాను.

ఇప్పుడు రాత్రి, ట్యూబులైటు కింద ఫీల్డు బుక్కులు.
తప్పు అంకె మీద ఒకే గీత. పైన సరైనది.
చెరపలేదు, చెరపకూడదని నియమం.
పక్కన రిమార్కుల గడిలో, గుండ్రటి అక్షరాలతో:
బెత్తెడు. అబ్బులు గారి కాలు చెప్పింది.

ఎర్ర పెన్ను మూత తీసి కూర్చున్నాను.
ఇరవైకి ఎన్ని వెయ్యాలో తేలడం లేదు.

ఆదివారం మొగల్తూరు బస్సు
ఎన్నింటికో కనుక్కోవాలి.