తొండ కోసం అర్జీ

నాయనా, ఈ పొద్దు పాలిష్ ఫ్యాక్టరీకి సెలవు గదా,
కాసేపు నా మాట ఇను.
అమ్మా, నువ్వు గూడా. చాట చేతిలో ఉన్నా పర్వాలేదు.

మన పెరట్లో పగిలిన నాపరాళ్ళ దొంతి మీద
పోయిన ఉగాది కాన్నుంచి ఒక తొండ ఉండాది.
దాన్ని పెంచుకుంటా.

తెచ్చేదేం లేదు, అదే వచ్చేసింది.
కొనేదేం లేదు, కట్టేసేది అంతకన్నా లేదు.
శివమ్మత్తోళ్ళ చిలక్కి పంజరం, జామకాయ, దినామూ ఒక పచ్చిమిరపకాయ.
ఓబులేసు మామ కుక్కకు ఆదివారం ఆదివారం బోటి.
దీనికి మన బెల్లం డబ్బా చుట్టూ తిరిగే చీమలు చాలు.
చీమల మందుకు పెట్టే పది రూపాయలు మిగులుతాయమ్మా,
లెక్క రాసినా, నోటుబుక్కు చివరి పేజీలో. చూడు.

గొంతు ఎర్రగయితే మనిషి నెత్తురు పీలుస్తాదంట, అవ్వ చెప్పింది.
వారం దినాలు దాని ఎదురుగ్గా కూచున్యా.
ఎర్రగయింది దాని గొంతే.
నా నెత్తురు నాకాడే ఉండాది.
మోకాలు గీరుకొని గూడా చూసినా,
ఉండాది.

ట్యూబులైటు ఎనక బల్లిని ఎవురైనా అద్దె అడిగినారా?
మీద పడితే పంచాంగం తీస్తారు,
కుడి భుజమా ఎడమ భుజమా అని.
కిచ్చుమంటే, "నిజమే, బల్లి పలికింది" అంటారు.
ఆరో తరగతి పిల్ల పలికితే మాత్రం
పోయి ఎక్కాలు చదువుకో అంటారు.

"రంగులు మార్చేదాన్ని నమ్మగూడదు" అనింది అమ్మ,
"తొండ ముదిరితే ఊసరవెల్లి."

అప్పుడు నేను నాయన పక్క తిరిగినా.

పొద్దున క్యారేరు పట్టుకొని నల్లగా పోతావు.
మాపటికి రాతి దుమ్ములో తెల్లగా వస్తావు,
రెప్పల వెంట్రుకలు గూడా తెల్లగా, ముసలోని మాదిరి.
తమ్ముడు మాటలు రాకముందు నిన్ను చూసి
ఏడ్చి తలుపు ఎనక దాక్కుండె.
రెండు బిందెల నీళ్ళు పోసుకున్యాక
మళ్ళీ మా నాయనవైతావు.
బేతంచెర్లలో మన వీధి వీధంతా ఇంతే గదా.
నిన్ను నమ్మినాం గదా.

నాయన ఏం మాట్లాడలే. దగ్గినాడు, అంతే.
అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరేది ఆపి,
మళ్ళీ ఏరింది.
తలూపింది దొంతి మీద తొండ ఒక్కటే,
రెండు సార్లు, ఆగి, ఇంకోసారి.

సోమవారం ఇస్కూలు నుంచి వస్తే
గోడకు వాలుగా ఆనించి ఒక కొత్త బండ,
మూల విరిగింది, ఒక పక్కే పాలిష్ పట్టింది.
దాని కింద చాపంత నీడ.
కొబ్బరి చిప్పలో నీళ్ళు.
"ఇంట్లోకి వచ్చిందంటే చీపురే" అనింది అమ్మ,
నేను ఏమీ అడక్కముందే.

రాత్రి లైటు ఆర్పినాక
చీకట్లో నాయన గొంతు:
"మద్దమ్మా, అది ఆడదా, మగదా?"

నాకు తెలీదు.
రేపు చూసి చెప్తా అన్యా.