జుఫేర్‌లో ఆరో అంతస్తు

ఇరవై రెండేళ్లు.
మా పెనుగొండలో ఆ వయసు ఇంటిని
ఇంకా కొత్తిల్లనే పిలుస్తారు.
ఇక్కడ మాత్రం బ్రోకర్ గొంతు తగ్గించి
పెళ్లికొడుక్కి ఆయాసం ఉందన్నట్టు చెప్తాడు:
"బిల్డింగ్ కొంచెం పాతది సార్."

బ్యాంకులో అమ్మాయి లెక్క వేసింది.
మీకు యాభై మూడు, దానికి ఇరవై రెండు,
ఎనిమిదేళ్లు మించి అప్పు కుదరదంది నవ్వుతూ.
ఇద్దరిలో ఎవరు ముందు కూలతారని భయమో
నేనడగలేదు.

లిఫ్టు అద్దం మూల పగిలింది.
సులోచన అందులో బొట్టు సరిచేసుకుంది
అప్పుడే ఆ లిఫ్టు తనదైనట్టు.

అమ్మేది నజాత్ మేడమ్, బస్రా మనిషి,
లెక్కల టీచరుగా రిటైరయింది.
ఎండునిమ్మకాయ టీ ఇచ్చింది.
ఏదీ దాచలేదు.
ఈ తలుపు వానొస్తే బిగుస్తుంది, వానెలాగూ రాదు.
ఈ కుళాయి కుడికి తిప్పితే చన్నీళ్లు,
ఆగస్టులో ఎటు తిప్పినా వేడే.

నేను గోడలు తట్టాను, పుచ్చకాయలు తట్టినట్టు.
సింకు కింద తల పెట్టి వాసన చూశాను.
బాల్కనీ అంచున కాంక్రీటు పొరలు లేచి
లోపలి ఇనుము ఎర్రగా చూస్తోంది.
పూడ్చిన నేల కదా,
సముద్రం తన చోటు మరిచిపోదు.

ఫ్లాటు మన పేర ఉంటుంది, అన్నాను సులోచనతో.
మనం మాత్రం వీసా పేర ఉంటాం.
"అద్దె కట్టినప్పుడు మాత్రం ఎవరి పేర ఉన్నాం?"
అంది తను.
అలాంటి మాటకి నా దగ్గర ఎప్పుడూ జవాబుండదు.

చిన్న గది పైకప్పులో మరక,
పనసతొనంత, గోధుమరంగు.
కింద నీలం బకెట్.
సులోచన నా మోచెయ్యి గిల్లింది.
"అది చూపించు. రెండువేల దినార్లు దిగుతారు."

కుర్చీ ఎక్కి సీలింగ్ పలక జరిపాను.
ఫోను లైటు వేశాను.
డక్టు రేకు మీద నల్ల మార్కర్ రాత.
తెలుగులో.
సత్తిరాజు, ఆరు, బి.

నా గుండ్రాలు. నా కొమ్ములు.
ముక్కకింత కూలి ఆ రోజుల్లో,
పక్క బ్యాచీ వాళ్లు నా ముక్కలు తమవనకుండా
ఎవరికీ చదవరాని భాషలో రాసుకునేవాణ్ణి.
గురువారానికి నాలుగంతస్తులు అవ్వాలన్నాడు ఫోర్మన్.
ఇన్సులేషన్ అయిపోవచ్చింది.
రెండు చుట్లు చుట్టాల్సిన చోట ఒక్కటే చుట్టి
టేపు వేశాను.
ఎవడు చూడొచ్చాడు అనుకున్నాను.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
కట్టాను.
కొని చూడమని ఎవరూ అనలేదు,
అందుకేనేమో.

నా టేపు కింద బకెట్ పెట్టుకుని
ఎన్ని ఆగస్టులు పడుకుందో ఈవిడ,
చుక్కలు లెక్కపెట్టుకుంటూ.
లెక్కల టీచరు మరి.

దిగాను. చేతులకి దుమ్ము.
"ఏమన్నా ఉందా సార్?" బ్రోకర్.
సులోచన కళ్లు: అను, ఇప్పుడే అను.
మేడమ్ రెండో గ్లాసులో టీ పోస్తోంది,
పంచదార ఎంతో అడక్కుండానే గుర్తుపెట్టుకుంది.

"ఇన్సులేషన్," అన్నాను.
"నలభై దినార్ల పని. పైపు కాదు, భయం లేదు.
శుక్రవారం నిచ్చెన తెస్తాను."
"అంటే కొంటున్నట్టేనా సార్?"
"నిచ్చెన తెస్తానన్నాను."

కింద వాచ్‌మన్ రఫీకుల్
ఏసీ నీళ్లు కారే చోట పెయింటు డబ్బా పెట్టి
బచ్చలి పాకించాడు గోడ మీదకి.
సులోచన ఒక ఆకు తుంచి నలిపింది.

"రెండువేలు పోగొట్టావు.
పైన ఏం కనపడింది నీకు?"

కారు తాళం వెతుక్కున్నాను,
అది చేతిలోనే ఉంది.
శుక్రవారానికి ఇంకా మూడు రోజులు.